గుర్రాల వాటా పిండి

వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేసిన రాజ్యం అది. రాజుగారి ధాన్యపు కొట్టంలో మిగిలింది మొక్కజొన్న పిండి ఒక్కటే. అదీ బండి గుర్రాలకేనట! పిడికెడు పిండి మరిగే నీళ్ళలో కలిపితే ఇంటిల్లిపాదికీ చిక్కటి జావ అవుతుందని సుంకులమ్మకి తెలుసు. మంచం పట్టిన మొగుడు మూడు రోజులుగా ఒట్టి నీళ్ళే తాగుతున్నాడనీ తెలుసు.

కొట్టం అధికారి భూపతి మహా దయగలవాడు, గుర్రాల మీద! ఎండకి సొమ్మసిల్లుతాయని వాటిని నీడన కట్టేసి, తన బండికి ఊళ్ళోవాళ్ళని పూన్చేవాడు. మనుషుల్ని కాడికి కడితే కొరడా దెబ్బలని రాజశాసనం. అయినా చెప్పేదెవరు?

ఆ రోజు సుంకులమ్మా మరో ఐదుగురూ బండి లాక్కొచ్చేసరికి, కొట్టం లోపల రాజుగారున్నారు.

"ఇంత ఎండలో ఎలా వచ్చావయ్యా?" అన్నారాయన, బండి దిగి లోపలికొచ్చిన భూపతితో.

"గుర్రాలబండిలో ప్రభూ!" అన్నాడు భూపతి.

బయటనుంచి ఆ మాట విన్న సుంకులమ్మ, భుజాన తాడుతోనే లోపలికొచ్చింది.

"ఆ గుర్రాలం మేమే ప్రభూ. మాకింకా మేత పెట్టలేదు."

"నోర్ముయ్! నువ్వు గుర్రానివా?" అని కసిరాడు భూపతి.

"కాదని మీరంటే పోతాను దొరా. మరి మీ బండి లాగింది మనుషులేనని రాజుగారికి మీరే మనవి చేసుకోండి."

"ఏమంటావు భూపతీ?" అన్నారు రాజుగారు.

భూపతికి కొరడా దెబ్బల శాసనం గుర్తొచ్చింది. "గుర్రాలే... ప్రభూ."

"అయితే వాటి మేత పిండి కొలిచి ఇవ్వు," అన్నారు రాజుగారు.

ఇంట్లో మొగుడు రెండు గుక్కల జావ తాగి, "పిండి ఎవరిచ్చారే?" అన్నాడు.

"గుర్రాల వాటాలే, తాగు మావా. రేపు మళ్ళీ నేను బండి లాగాలి," అంది సుంకులమ్మ.