సాయంత్రం దాకా కదలని దాలమ్మ

పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఒలిచే దాలమ్మకు ఒక లోపం ఉండేది: చదువుకున్నవాళ్ళు ఏం చెప్పినా, తప్పో ఒప్పో చూడకుండా "అలాగేనండి" అని తల ఊపేసేది.

బస్సు కండక్టరు ఒక స్టాపు ముందే దిగమంటే దిగిపోయి, మిగతా దూరం ఎండలో నడిచి వెళ్ళేది. "నీకు దేవుడు నోరెందుకిచ్చాడే?" అని భర్త గున్నయ్య నవ్వేవాడు. "వాళ్ళు తెలియకుండా చెబుతారా?" అనేది దాలమ్మ.

వాళ్ళకు కుసుమ అని ఎనిమిదేళ్ళ కూతురు ఉండేది. ఆ పిల్లకు ఒక వింత జబ్బు మొదలైంది. పొద్దున గెంతుతూ బడికి వెళ్ళేది. మధ్యాహ్నం దాటేసరికి ఎడమ పాదం లోపలికి మెలితిరిగేది. సాయంత్రానికి రెండు కాళ్ళూ కర్రల్లా బిగుసుకుపోయి, గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేకపోయేది. నిద్రపోయి లేస్తే మళ్ళీ మామూలుగా ఉండేది.

ఒకరోజు బడిలో టీచరు దాలమ్మను పిలిపించింది.

"పొద్దున ప్రార్థనకి పరిగెత్తుకుంటూ వస్తుంది. సాయంత్రం ఆటల వేళకి కుంటుతుంది. ఇది జబ్బు కాదమ్మా, నాటకం. మీరు గారం చేయకండి," అంది టీచరు.

"అలాగేనండి," అంది దాలమ్మ.

ఆ సాయంత్రం ఆమె కూతుర్ని ఎత్తుకోలేదు. చెయ్యి కూడా అందించలేదు. "నడు. వేషాలు కట్టిపెట్టు," అని ముందు నడిచింది. వెనక దబ్బున చప్పుడైంది. తిరిగి చూసేసరికి కుసుమ రోడ్డు మీద బోర్లా పడి ఉంది. గడ్డం చిట్లి, గౌను ముందంతా రక్తమైంది.

పిల్ల ఏడవలేదు. తల్లి కళ్ళలోకి చూసింది. "నా కాళ్ళు పొద్దున నా మాట వింటాయి. సాయంత్రం వినవు. నువ్వు కూడా వినవు," అంది.

దాలమ్మకు గుండె తరుక్కుపోయింది. ఆ మర్నాటి నుంచి ఆమె కూతుర్ని కనిపెట్టి చూడసాగింది. సెలవు రోజుల్లో మధ్యాహ్నం గంటసేపు పడుకుంటే, లేచాక కాసేపు బాగానే నడుస్తోంది. ఎవరూ చూడటం లేదనుకున్న సాయంత్రాలు కూడా దొడ్లోకి పాకుతూనే వెళ్తోంది. చూసేవాళ్ళు లేనప్పుడు ఎవరైనా నాటకం ఆడతారా?

ఎముకల డాక్టరుకు చూపించారు. ఆయన కుసుమ కాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మడమ దగ్గర నరం బిగుసుకుపోయింది. ఆపరేషన్ చేసి సాగదీస్తాను. సోమవారం చేర్పించండి," అన్నాడు.

దాలమ్మకు అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"బాబూ, బిగుసుకుపోయిన నరం పొద్దున ఎలా వదులవుతోంది?" అని అడిగింది.

"డాక్టరు నువ్వా, నేనా?"

"డాక్టరు మీరే. తల్లిని నేను. నా ప్రశ్నకు జవాబు చెప్పండి."

ఆయన తర్వాతి రోగిని పిలిచాడు. దాలమ్మ కాగితాలు తీసుకుని లేచింది. బయటికొచ్చాక గున్నయ్య హడలిపోయాడు. "ఏటే, డాక్టరుగారికే ఎదురు చెప్పావా?"

"చెప్పాను. జవాబు దొరికేదాకా ఇంకా చాలామందికి చెబుతాను," అంది దాలమ్మ.

అక్కడి నర్సు వెనకాలే వచ్చి, విశాఖపట్నంలో మెదడు, నరాల జబ్బులు చూసే వసుంధర అనే పెద్ద డాక్టరమ్మ ఉందని, ఆవిడ ఆసుపత్రి ఎక్కడుందో చెప్పింది. మరుసటి వారమే ముగ్గురూ తెల్లవారుజాము రైలెక్కారు. దారంతా కుసుమ నిద్రపోయింది. అందుకే ఆసుపత్రికి చేరేసరికి హుషారుగా ఉంది. పెద్ద డాక్టరమ్మ కన్నా ముందు ఒక కుర్ర డాక్టరు పిల్లను నడిపించి చూశాడు.

"బాగానే నడుస్తోందిగా! నీరసానికి టానిక్ రాస్తాను, తీసుకెళ్ళండి."

"సాయంత్రం చూడండి బాబూ."

"పన్నెండు దాటితే ఇక్కడ బయటి రోగుల్ని ఎవరూ చూడరమ్మా."

"మా పిల్ల జబ్బు సాయంత్రమే వస్తుంది. మీ వేళకు రమ్మంటే రాదు," అంది దాలమ్మ. కూతుర్ని తీసుకుని వరండాలో బల్ల మీద కూర్చుంది.

ఒంటిగంటకు వార్డుబాయ్ వచ్చి లెమ్మన్నాడు. దాలమ్మ లేవలేదు. మూడింటికి మళ్ళీ వచ్చి గట్టిగా కేకలేశాడు. అప్పటికి కుసుమ పాదం మెలితిరిగింది. "ఈ పిల్ల లేచి నడవగలిగితే ఇప్పుడే వెళ్ళిపోతాం. నడిపించు చూద్దాం," అంది దాలమ్మ. వార్డుబాయ్ ఆ పాదం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

గున్నయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. "వెళ్ళిపోదామే. అందరూ చూస్తున్నారు."

"చూడాలనే కదా కూర్చున్నాను!"

అయిదు గంటలకు డాక్టర్ వసుంధర ఇంటికి బయల్దేరింది. దాలమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, ఒక్కసారి నా కూతురు నడిస్తే చూసి వెళ్ళండి. చూడకుండా వెళ్ళాలంటే నన్ను తోసుకుని వెళ్ళాలి."

వసుంధర ఆగింది. కుసుమ మూడడుగులు వేసి కూలబడబోయింది. డాక్టరమ్మ చటుక్కున పట్టుకుని, అక్కడే నేల మీద కూర్చుంది. పొద్దున ఎలా ఉంటుంది? పడుకుంటే తగ్గుతుందా? ఏ కాలు ముందు మొదలైంది? అడిగిన ప్రతిదానికీ దాలమ్మ తడుముకోకుండా చెప్పింది. వసుంధర కుర్ర డాక్టరును పిలిచింది.

"పొద్దున నువ్వు చూసింది సగమే. మిగతా సగం ఈవిడ చెబుతోంది. రాసుకో," అంది.

తర్వాత దాలమ్మ వైపు తిరిగింది. "లక్షల్లో ఏ ఒక్కరికో వచ్చే జబ్బు ఇది కావచ్చు. లోపం కాళ్ళలో లేదమ్మా. మనిషి కదలడానికి మెదడులో ఒక పదార్థం తయారవ్వాలి. ఈ పిల్లకు అది చాలినంత తయారవడం లేదు. నిద్రలో కాస్త కూడుతుంది, సాయంత్రానికి అయిపోతుంది. నా అనుమానం నిజమైతే చిన్న మాత్ర చాలు."

"ఆపరేషన్?"

"అవసరం లేదు."

కుసుమను చేర్చుకున్నారు. పరీక్షలు చేసి మాత్రలు మొదలుపెట్టారు. నాలుగో రోజు సాయంత్రం అయిదు గంటలకు పిల్ల మంచం దిగింది. గున్నయ్య పట్టుకోబోయాడు. "వదిలేయ్ నాన్నా," అంది కుసుమ. వరండా ఆ చివరిదాకా నడిచింది. అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. గున్నయ్య గోడవారన చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

దాలమ్మ ఏడవలేదు. కూతురి గడ్డం మీది మచ్చ తడిమింది. "నీ మాట నమ్మలేదే తల్లీ. తప్పు నాదే," అంది.

"ఇంకోసారి పరిగెత్తనా?" అంది కుసుమ.

బతికినంత కాలం మాత్ర వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కుసుమ రోజూ వేసుకుంటోంది. ఆ ఏడాది బడిలో సాయంత్రం జరిగిన పరుగు పందెంలో ఆమె నాలుగోదిగా వచ్చింది. నాలుగో స్థానానికి బహుమతి లేదు. అయినా అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది దాలమ్మే.

నీతి: చదువుకున్నవాళ్ళను గౌరవించాలి, కాని కళ్ళారా చూసిన నిజాన్ని వాళ్ళ కోసం వదులుకోకూడదు, బిడ్డ బాధ చెబితే ముందు నమ్మాలి, వినేవాళ్ళు దొరికేదాకా అడుగు వెనక్కి వేయకూడదు.