నాలుగు వేళ్ళ పెళ్ళికూతురు

ఉప్పు నిండుకుంటే పక్కింటికి పోవాలి, నిప్పు ఆరిపోతే ఎదురింటికి పోవాలి, తెలివి చాలకపోతే మాత్రం మా ఇంటికే రావాలి అనేవాడు బోడిదిన్నె పుల్లప్ప. ఎవరూ రాలేదు. ఊళ్ళో అందరికీ తెలివి సరిపోయినట్టుందిలే అని ఆయన సంతోషపడేవాడు.

ఆ ఇంట్లో నలుగురు. పుల్లప్ప, ఆయన భార్య తిమ్మక్క, పెద్దకొడుకు సంజన్న, చిన్నకొడుకు చౌడప్ప. దేవుడు తెలివిని నలుగురికీ సమానంగా పంచాడు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే తగాదా ఆ ఇంట్లో ఏనాడూ లేదు.

వాళ్ళ తెలివంతా దూలానికి వేలాడే తక్కెడలో ఉండేది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది రావాలన్నా తక్కెడ ముందు గెలవాలి. ఆ వస్తువు గురించి ఒక మంచి చెబితే కుడి చిప్పలో ఒక చెనక్కాయ, ఒక చెడ్డ చెబితే ఎడమ చిప్పలో ఒక చెనక్కాయ. ఎటు మొగ్గితే అదే తీర్పు. పుల్లప్ప తాత కాలంలో గొడుగు అలాగే గెలిచి వచ్చింది. నాయన కాలంలో సైకిలు వచ్చింది. కుక్కరు మాత్రం ఓడిపోయింది. "ఆడవాళ్ళుండే ఇంట్లో ఈల వేస్తుందా, మర్యాద లేదూ!" అని తిమ్మక్క ఒక్క మాటకే మూడు కాయలు వేసింది.

ఇంత తెలివి ఉన్నా సంజన్నకు పెళ్ళి కాలేదు. ముప్పై దాటాయి. మూడు సంబంధాలు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయాయి. ఒకాయన వచ్చి, "మీ పిల్లవాడు ఏం చేస్తాడండీ?" అని అడిగితే పుల్లప్ప లోపలికి తొంగి చూసి వచ్చి, "నిద్రపోతున్నాడు" అన్నాడు. అంతే, ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

ఇలా ఉండగా పెళ్ళిళ్ళు కుదిర్చే సుంకన్న ఒక కబురు తెచ్చాడు.

"పిల్ల పేరు మారెక్క. తండ్రి బజారప్ప. మంచి కుటుంబం, తెలివి విషయంలో మీకు తగినవాళ్ళు. కానీ ఊరు దూరం, చేను కోతల్లో ఉన్నారు. ఫోన్లోనే చూసుకుంటామన్నారు. శుక్రవారం లోపల చూపించకపోతే ఇంకోచోట ఖాయం చేసుకుంటారు. ఇది కూడా తప్పితే నీ కొడుక్కి పిల్లనిచ్చేవాడు ఈ చుట్టుపక్కల లేడు పుల్లప్పా! ఒక ఫోను కొను."

ఇంకేముంది, తక్కెడ దించారు.

"ఫోను మేత మెయ్యదు" అన్నాడు సంజన్న. కుడి చిప్పలో కాయ పడింది.

"పాలూ ఇవ్వదు" అంది తిమ్మక్క. ఎడమ చిప్పలో కాయ పడింది.

"లోకంలో జరిగేదంతా కూర్చున్న చోటి నుంచే చూడొచ్చంట."

"అందరూ కూర్చుని చూస్తుంటే లోకంలో జరిగేదేంది రా?"

"వంటలు కూడా నేర్పుతుందంటమ్మా."

"నాకు వంట రాదని దానికెవడు చెప్పాడు?" తిమ్మక్క కోపం కొద్దీ రెండు కాయలు వేసింది.

"అందులో వచ్చే మాటల్లో సగం అబద్ధాలని విన్నా" అన్నాడు పుల్లప్ప. ఎడమకి ఒకటి.

"అంటే సగం నిజాలే కదా నాయనా!" కుడికి ఒకటి.

సంజన్న పెళ్ళి మీద ఆశతో మంచి మీద మంచి చెబుతూనే ఉన్నాడు. కాయ మీద కాయ వేస్తూనే ఉన్నాడు. ఎన్ని వేసినా కుడి చిప్ప పైకే పోతోంది. ఇదేం చోద్యమని చూస్తే, కుడి పక్క కూర్చున్న చౌడప్ప దవడలు ఆడుతున్నాయి.

"ఏరా, మంచంతా తినేశావా?" అని అరిచాడు పుల్లప్ప.

"చెడ్డ తింటే కడుపునొప్పి వస్తుందని తినలేదు నాయనా."

సంజన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "తమ్ముడు తిన్నది చెనక్కాయలు కాదు, నా పెళ్ళి" అన్నాడు.

పుల్లప్ప గడ్డం గోక్కున్నాడు. "మనం వాదించుకోవడం ఎందుకు? ఫోన్నే అడుగుదాం" అని సుంకన్న చేతిలోని ఫోను లాక్కుని, శుభమా అని కుడి చిప్పలో పెట్టాడు. చిప్ప ధబీమని నేల తాకింది.

"చూశారా, తన సంగతి తనే చెప్పుకుంది!"

అంతే, మర్నాడు సంతలో పొట్టేలు పోయింది, ఇంటికి ఫోను వచ్చింది. సుంకన్న దాన్ని సిద్ధం చేసి, బజారప్పకి కలిపే పచ్చ గుర్తు చూపించి, రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఒకటి, దీనికి నీళ్ళు తగలనివ్వొద్దు. రెండు, దీన్ని తెరవడానికి నాలుగంకెలు ఉంటాయి, అవి ఎవరికీ చెప్పొద్దు. చెప్పి, ఇంకో ఊళ్ళో పెళ్ళి ఉందని వెళ్ళిపోయాడు.

"నాలుగంకెలూ ఒకడి దగ్గరే ఉంటే ప్రమాదం. నిద్రలో వాగేస్తాడు" అన్నాడు పుల్లప్ప. అందుకని తలా ఒక అంకె పెట్టుకున్నారు. ఎవరి అంకె వాళ్ళకే తెలుసు. ఒకరు నొక్కుతుంటే మిగతా ముగ్గురూ గోడ వైపు తిరిగి చెవులు మూసుకోవాలి. ఫోను తెరవాలంటే నలుగురూ చేతి పని వదిలి రావాల్సిందే. పనులు పోయినా రహస్యం మాత్రం పోలేదు.

శుక్రవారం వచ్చింది. సంజన్న తలకు నూనె రాసుకుని, తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే మూడో అంకె చేలో ఉంది. చౌడప్ప చెనక్కాయలు పీకడానికి పోయాడు. సంజన్న తెల్ల చొక్కాతోనే పరిగెత్తి తమ్ముణ్ణి భుజాన వేసుకొచ్చాడు. నలుగురూ వరసగా నొక్కారు. తిమ్మక్క తన అంకె నొక్కి, నొక్కిన వేలిని కూడా ఎవరూ చూడకుండా కొంగులో దాచుకుంది.

ఫోన్లో బజారప్ప, ఆయన భార్య, వాళ్ళ మధ్యలో మారెక్క కనిపించారు.

"రండి బావా రండి!" అంటూ పుల్లప్ప ఫోనుకి పీట వేశాడు. తిమ్మక్క చెంబుతో నీళ్ళు తెచ్చింది. చుట్టాలు వస్తే కాళ్ళకు నీళ్ళివ్వకుండా ఎలా?

"ఆగవే! ఫోనుకు నీళ్ళు తగలకూడదు."

"చుట్టాలకు తగలాలి కదయ్యా! ఇంతకీ వీళ్ళకు కాళ్ళు యాడ? అందరూ నడుముల దాకానే వచ్చారు."

అటునుంచి బజారప్ప నొచ్చుకున్నాడు. "మా కాళ్ళకేమమ్మా, నిక్షేపంగా ఉన్నాయి. పిల్లా, లేచి నడిచి చూపించు" అన్నాడు.

మారెక్క లేచి నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడింది. నిలువునా కనిపించింది. తర్వాత తలొంచుకుని కుడివైపు నడిచింది. నడిచి నడిచి అద్దం అంచు దాటి మాయమైంది.

"అయ్యో, పిల్ల పడిపోయింది!" అని చౌడప్ప తువ్వాలు పరిచి పట్టుకుని ఫోను పక్కకు దూకాడు. ఎంతసేపు పట్టుకున్నా పిల్ల అందులో పడలేదు. ఇంతలో ఆమె అంచు నుంచి మళ్ళీ లోపలికి వచ్చింది. సంజన్న గుండె మీద చెయ్యేసుకుని, "ఎంత జాగ్రత్త గల పిల్ల! పడకుండా వెనక్కి తిరిగింది" అన్నాడు.

వాళ్ళలో పెళ్ళికూతురి చీరా రవికా మగపెళ్ళివాళ్ళు తేవాలి, పెళ్ళికొడుకు పంచె ఆడపెళ్ళివాళ్ళు తేవాలి. కొలత కావాలి కదా. తిమ్మక్క దారం తెచ్చి ఫోను మీద తల నుంచి పాదం దాకా పెట్టి కొలిచింది. సంజన్న లేచి నిలబడినప్పుడు అటు బజారప్ప కూడా ఏదో దారం పట్టుకుని ముందుకు వంగాడు గానీ, ఇటువైపు ఎవరూ పట్టించుకోలేదు.

తాంబూలాలు అన్నారు, ఎనిమిదో రోజున ముహూర్తం అన్నారు, పెళ్ళి మగపిల్లవాడి ఇంట్లో అన్నారు. ఫోను చీకటైంది.

తిమ్మక్క దారం చూపించింది. "పిల్ల నాలుగు వేళ్ళుంది."

పుల్లప్ప మెల్లగా తక్కెడ దించాడు.

"తిండి తక్కువ తింటుంది" అన్నాడు. కుడికి ఒకటి.

"నీళ్ళు చేదబోతే బావిలో పడుతుంది" అంది తిమ్మక్క. ఎడమకి ఒకటి.

"చీర ఖర్చు లేదు."

"కోడి పొడుస్తుంది."

కోడి మాట వినేసరికి సంజన్న లేచాడు. గంపలో ఉన్న చెనక్కాయలన్నీ ఎత్తి కుడి చిప్పలో గుమ్మరించాడు.

"నాకు నచ్చింది. నాలుగు వేళ్ళైతే ఏంది? జేబులో పెట్టుకుని చేనికి తీసుకుపోతా. కోళ్ళను రేపే అమ్మేయండి."

చిప్ప తెగి కింద పడింది. ఇంతకంటే తీర్పు ఏం కావాలి!

ఇంకేముంది, పనులు మొదలయ్యాయి. దర్జీ దగ్గరికి పోయి పెళ్ళి రవిక కొలత చెబితే వాడు, "బొమ్మకా అన్నా?" అన్నాడు. "మాటలు మర్యాదగా రానీ, మా వదిన!" అన్నాడు చౌడప్ప. పట్టు రుమాలు చింపి అంచు కుట్టించి చీర చేశారు. చింతపిక్కంత బిందె చేయించారు. పుల్లప్ప ఇల్లంతా తిరిగి చీమల పుట్టలన్నీ పూడ్చాడు.

పెళ్ళిరోజు సంజన్న తమలపాకుల పెట్టెలో దూది పరుచుకుని, పెళ్ళికూతుర్ని తెచ్చుకోవడానికి బస్సు దగ్గర నిలబడ్డాడు. బస్సు వచ్చింది. బజారప్ప దిగాడు. చేతిలో బెల్లం డబ్బా, మూతకి గాలి కోసం నాలుగు బెజ్జాలు. ఆయన వెనకే మారెక్క దిగింది. సంజన్న అంత ఎత్తు, నిండుగా, చెవులకు జూకాలతో.

బజారప్ప డబ్బా మూత తీసి పట్టుకుని, "అల్లుడు యాడ బాబూ? వేలంత ఉంటాడు" అని సంజన్ననే అడిగాడు.

"నేనే మామా."

మామ పెట్టె వైపు చూశాడు. అల్లుడు డబ్బా వైపు చూశాడు. మారెక్క తన తండ్రి సంచిలోంచి పెళ్ళికొడుకు పంచె తీసింది. అది ముక్కు తుడుచుకోవడానికి కూడా చాలదు. సంజన్న పెట్టెలోంచి చీర తీశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డారు.

ఇంటి దగ్గర పుల్లప్ప వియ్యంకుణ్ణి కౌగిలించుకున్నాడు. "పిల్లని బాగా పెంచావు బావా! ఎనిమిది రోజుల్లో ఎంత చేశావు!"

"నీ కొడుకు మాత్రం? ఏం పెట్టావు బావా వాడికి?"

"సంగటి."

"మేమూ అదే."

అప్పుడే వచ్చిన సుంకన్న, "ఒరే నాయనా, ఫోన్లో ఎవరైనా చిన్నగానే కనబడతారురా" అని మొత్తుకున్నాడు. మంగళవాద్యాల్లో ఎవరికీ వినబడలేదు. వినబడినా లాభం లేదు, ఆ మాట తక్కెడ ఎక్కలేదు కదా. అరువు తెచ్చిన చీరా పంచెతో పెళ్ళి చక్కగా జరిగింది. ఆడపెళ్ళివాళ్ళు బస్సెక్కారు.

మూడో రోజున పుల్లప్ప భోజనం మధ్యలో చెయ్యి ఆపాడు. "తిమ్మక్కా! నాలుగు వేళ్ళ పిల్లలు ఎనిమిది రోజుల్లో ఇంతయ్యారు. ఇంకో ఎనిమిది రోజులకు?"

అందరూ పైకి చూశారు. దూలం తల మీదే ఉంది.

అంతే, చెయ్యి కడుక్కుని నలుగురూ, కొత్తకోడలితో ఐదుగురూ ఇల్లెక్కారు. పెంకులన్నీ దింపేశారు. మారెక్క మెట్టినింట్లో మొదటి పని కదా అని అందరికంటే ఎక్కువ దింపింది. ఆఖరి పెంకు కిందికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. వాన పట్టుకుంది. ఇంట్లో ఉన్నది ఒకటే గొడుగు, తాతనాటిది. ఫోనుకు నీళ్ళు తగలకూడదు కాబట్టి గొడుగు దానికి పట్టి, తెల్లవార్లూ అందరూ నిలువునా తడిశారు.

పొద్దున్నే ఫోను మోగింది. బజారప్ప. కూతుర్నీ అల్లుణ్ణీ చూపించమన్నాడు. ఇద్దరూ ఫోను ముందు నిలబడ్డారు. అటునుంచి పెడబొబ్బ వినబడింది.

"బావా! కొంప మునిగింది! పిల్లలు మళ్ళీ నాలుగు వేళ్ళయ్యారు!"

పుల్లప్ప ఫోన్లోకి తొంగి చూశాడు. ఓ మూల సంజన్న, మారెక్క గోరంత కనిపించారు. "నువ్వు నాలుగు వేళ్ళంటున్నావు, ఇక్కడ గోరంతే ఉన్నారు బావా! తడిసి ముడుచుకుపోయారు!"

"కానీ నాయనా," అన్నాడు చౌడప్ప అనుమానంగా, "అన్నా వదినా ఇక్కడ నీ పక్కన పెద్దగానే కనబడుతున్నారే?"

"కంటికి కనబడుతున్నార్రా. కంటిని మనం ఎప్పుడైనా తూచామా? ఫోను తక్కెడ గెలిచి వచ్చింది."

తిమ్మక్క లోపలికి పరిగెత్తి నాలుగు వేళ్ళ చీర తెచ్చి దులిపింది. "పారేయొద్దు, పనికొస్తుందని నేను చెప్పలా? కట్టుకో తల్లీ."

మారెక్క దాన్ని బొటనవేలికి చుట్టి, కుచ్చిళ్ళు దిద్ది, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "కొలతంటే ఇదీ అత్తా! కుట్టినట్టు సరిపోయింది."

ఇంకేముంది, వాన వెలిసి ఎండ రాగానే కళ్ళంలో చెనక్కాయలు ఆరబోసి, వాటి పక్కనే చాప వేసి, కొడుకునీ కోడల్నీ ఆరబెట్టారు. రెండు వైపులా సమానంగా ఆరాలని చౌడప్ప గంటకోసారి వచ్చి ఇద్దర్నీ తిరగేసి పోతున్నాడు.