కోటి కొట్టిన ఊ

అనగనగా ఒక ఊళ్ళో... కాళ్ళు ఆడించకే, చెబుతున్నానా! అనగనగా ఒక నేతగాళ్ళ ఊళ్ళో తిరపతమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, కోటేశ్వరి. ముద్దుగా కోటి అనేవాళ్ళు. బొద్దు చేతులు, చిన్న చిన్న చెవులు, ఎవరు కనబడినా నవ్వే. కాని దాని ఈడు పిల్లలు పద్యాలు చెబుతుంటే, అది ఒక్కొక్క మాటా కూడబలుక్కునేది.

అప్పుడు తిరపతమ్మ దాన్ని పట్నంలో డాక్టరమ్మకి చూపించింది. "దీన్ని డౌన్ సిండ్రోమ్ అంటారమ్మా. పుట్టుకతో వచ్చిందే. ఒంట్లో క్రోమోజోములని సన్నటి పోగుల్లాంటివి ఉంటాయి. నీ బిడ్డకి ఒకటి ఎక్కువ. నేర్చుకుంటుంది, కాకపోతే నిదానంగా," అంది డాక్టరమ్మ.

తిరపతమ్మకి బుర్ర తిరిగిపోయింది. పోగు ఎక్కువైతే బట్ట దిట్టంగా ఉండాలి గదా, మరి బిడ్డ వెనకబడ్డం ఏమిటి? మగ్గం మీద అదనంగా పోగు పడితే సూదితో లాగేస్తారు. అందుకని, "ఆ పోగు లాగెయ్యలేరా అమ్మా?" అని అడిగింది, పిచ్చి తల్లి.

"అది ఒళ్ళంతా అల్లుకుని ఉందమ్మా, లాగేది కాదు. ఇందులో నీ తప్పేం లేదు," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత చెప్పిన మాటలేవీ తిరపతమ్మ చెవికెక్కలేదు.

ఇంటికొచ్చేసరికి మొగుడి అక్కగారు సామ్రాజ్యం దిగి ఉంది. అమ్మో, ఆవిడ నోరు! "ఏ పనీ రాని పిల్లని ఎన్నాళ్ళు సాకుతావే? మా ఊళ్ళో ఇట్లాంటి పిల్లల్ని ఉంచుకునే చోటుంది. శ్రీరామనవమికి వస్తా. అప్పటికి కండె చుట్టడమన్నా వస్తే సరే, లేదంటే నాతో తీసుకుపోతా," అంది. పెద్ద ఆడపడుచు మాట, మొగుడు సరేనని తలూపాడు.

కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారప్పుల్ల. నేత ఇళ్ళల్లో పిల్లలు ఆడుతూ పాడుతూ చుట్టేస్తారు.

ముందు తిరపతమ్మ మంచిగా చెప్పింది. "కొస పట్టుకో, పుల్లకి తగిలించు, రాట్నం తిప్పు. తెలిసిందా?" కోటి "ఊ" అంది. అని అట్లాగే కూచుంది. తర్వాత బెల్లంముక్క ఆశపెట్టి చెప్పింది. "ఊ" అని బెల్లం తినేసింది. ఆ తర్వాత గట్టిగా అరిచి చెప్పింది. "ఊ" అని ఏడ్చింది. తెలిసిందంటుంది, చెయ్యదు! ఇది మొండితనమా, తెలియనితనమా? తిరపతమ్మకి అంతా అయోమయం.

ఒకనాడు విసుగెత్తి, "ఏమే, నువ్వు గాడిదవా?" అంది. "ఊ." "నేను గాడిదనా?" "ఊ." "మీ మేనత్త గాడిదా?" "ఊ," అంటూ ఇంకా చెప్పమన్నట్టు దగ్గరికి జరిగింది. నవ్వకే, విను!

అప్పుడు తిరపతమ్మకి వెలిగింది. రోజూ ఒళ్ళో పడుకోబెట్టుకుని, కథకి ఊ కొట్టమని నేర్పింది తనే. బిడ్డకి ఊ అంటే తెలిసిందని కాదు, వింటున్నా, చెప్పమని! "అయ్యో నా తల్లీ, ఉత్తపుణ్యానికి నిన్ను అరిచానే," అని వాటేసుకుని ఏడ్చింది.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. "విన్నది జారిపోతుందమ్మా, చూసింది నిలుస్తుంది. ఒక్కొక్కటే చేసి చూపించు," అంది ఆవిడ.

ఇక తిరపతమ్మ నోటితో చెప్పడం మానేసి, చెయ్యి పట్టుకుని చూపించింది. ముందు కొస పట్టుకోవడం ఒక్కటే. అది వచ్చాక తగిలించడం. అదీ వచ్చాక తిప్పడం. నిన్న వచ్చింది ఇవాళ పోయేది. ఎక్కడికి పోతుందో, ఎందుకు పోతుందో! విసుక్కోలేదా అంటే విసుక్కుంది, మనిషి కాదూ?

శ్రీరామనవమి రానే వచ్చింది. సామ్రాజ్యమూ వచ్చింది. "ఏదీ, కండె చుట్టవే," అంది. కోటి నవ్వుతూ నిలబడింది, అంతే. "అనుకున్నా," అంటూ సామ్రాజ్యం పిల్ల బట్టలు సర్దబోయింది.

"ఒక్క క్షణం ఆగు వదినా," అని తిరపతమ్మ రాట్నం తెచ్చి ముందు పెట్టింది. కోటి కూచుంది. కొస పట్టుకుంది, తగిలించింది, తిప్పింది. ఎగుడుదిగుడుగానే అనుకో, కండె మాత్రం నిండింది.

ఆ తర్వాత కోటి మేనత్త కొంగు పట్టి లాగి, రాట్నం దగ్గర కూచోబెట్టింది. పెళ్ళయిపోయాక రాట్నం ముట్టిన మనిషి కాదు సామ్రాజ్యం. దారం తెగింది. "మళ్ళీ," అంది కోటి. ఇంకోసారీ తెగింది. "మళ్ళీ," అంది, మేనత్త చెయ్యి తన బొద్దు చేత్తో పట్టుకుని, కాస్తయినా విసుగులేకుండా. మూడోసారి తెగేసరికి సామ్రాజ్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకెవరూ ఇంత ఓపిగ్గా నేర్పలేదే తిరపతమ్మా," అంది. పిల్లని తీసుకుపోయే మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కోటి కొస ఎట్లా పట్టుకోవాలో మరిచిపోయి కూచుంది. ఎందుకో తిరపతమ్మకి అప్పుడూ అర్థం కాలేదు. కాకపోతేనేం, బిడ్డ ఇంట్లోనే ఉంది. పక్కన చతికిలబడి దాని చెయ్యి పట్టుకుంది.

కథేమో కంచికి,
కండేమో మగ్గానికి,
కోటమ్మ అమ్మ ఒడికి,
మనమేమో మనింటికి.