చివరి ఇంటి కేక

విజయనగరంలో జోగారావు అని ఒకాయన ఉండేవాడు, కొండ కనిపిస్తే ఎక్కకుండా, ఏరు కనిపిస్తే దిగకుండా ఉండలేడు గాని, మనిషి ఎదురొస్తే మాత్రం పక్క సందులోకి తప్పుకుని పోయేవాడు.

పాపం, అందులో తప్పంతా ఆయనదే అనడానికి లేదు. సినిమా హాల్లో మిషను ఆపరేటరు పని ఆయనది. కిటికీ లేని ఇరుకు గదిలో కూర్చుని, రోజూ ఆటలన్నీ ఆడించేవాడు. కింద జనం ఈలలు, చప్పట్లు, పోట్లాటలు. ఎదురుగా తెర మీద పచ్చని కొండలు, పారే సెలయేళ్ళు. అవి కూడా గోడలోని చిన్న కన్నంలోంచే చూడాలి. అలా ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఆయనకు కొండల మీద ఎంత మోజు పెరిగిందో, మనుషుల గోల మీద అంత విసుగు పుట్టింది. సెలవు దొరికితే చాలు, సంచిలో అటుకులూ బెల్లం వేసుకుని ఏదో ఒక కొండ ఎక్కేసేవాడు. వెళ్ళేది ఒక్కడే. తోడుగా ఎవరైనా వస్తానంటే ఆ రోజు ఆయనకు జ్వరం తగిలేది.

చివరికి ఒకనాడు ఆ హాలు మూసేసి పెళ్ళిళ్ళ మండపం చేశారు. పని పోయిందని అందరూ అయ్యో అన్నారు. జోగారావు మాత్రం పంజరం తలుపు తీసినంత సంబరపడ్డాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, ఎక్కడ ఉంటానన్నా కాదనేవాళ్ళు లేరు. "ఇక నాకు నచ్చిన చోటు వెతుక్కుని, మిగిలిన బతుకంతా అక్కడే ఆరుబయట గడిపేస్తాను" అనుకుని బయలుదేరాడు.

వెతకడమంటే అలా ఇలా వెతకలేదు. ఏ ఊరు వెళ్ళినా ముందు అడిగేది ఒకటే: కొండ ఎంత దూరం? ఏరు ఎండాకాలంలో పారుతుందా? పొద్దున్నే గాలి ఎటునుంచి వీస్తుంది? పెళ్ళికూతుర్ని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. సముద్రం ఒడ్డున ఒక పల్లె ఆయనకు బాగా నచ్చింది. ఇసుకలో కూర్చుని అలలు చూస్తూ ఉంటే ప్రాణం లేచి వచ్చింది. కాని అంతలో వలలు బాగుచేసుకుంటున్న పెద్దమనిషి ఒకడు పక్కన చేరి, "ఏ ఊరు బాబూ? పిల్లలెంతమంది?" అని మొదలుపెట్టాడు. జోగారావు చెప్పులు చేత్తో పట్టుకుని లేచిపోయాడు. తర్వాత నాగావళి ఒడ్డున ఇంకో ఊరు చూశాడు. ఆ ఊళ్ళో అందరూ ఒకే రేవులో స్నానం చేస్తారని తెలిసి, అటు నుంచి అటే తిరుగు బస్సు ఎక్కేశాడు.

అలా తిరిగి తిరిగి నేరేడులోవ చేరాడు. చుట్టూ కొండలు, నడుమ లోవలో పాతిక గడపల ఊరు. ఊరికి ఒక పక్కన ఏరు, ఇంకో పక్కన చింతల తోపు, ఎదురుగా తేనెబండ అనే ఎత్తైన కొండ. ఆ లోవలో ఫోను కూడా పలకదు. ఊరికి చివర, మిగతా ఇళ్ళకు కాస్త ఎడంగా ఒక పెంకుటిల్లు ఖాళీగా ఉంది. ఆ ఇంటికి ఇంకా కరెంటు రాలేదు. ఏటి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు. జోగారావు గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చాడు. "ఇదే నా చోటు" అనుకుని ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఊరివాళ్ళు ఎలాంటివాళ్ళని మాత్రం ఆయన అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఇల్లు ఊడ్చుకుంటూ ఉండగా పక్కింటి అసిరమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఒంటరిగానే ఉంటుంది, నవ్వితే కళ్ళు కనబడవు.

"బాబూ, ఇంటికి దీపం వచ్చింది, సంతోషం! ఈ ఇంట్లో మనిషి లేక రెండేళ్ళబట్టీ మా ఊరి కేక నా గుమ్మంలోనే ఆగిపోతోంది" అంది.

ఏం కేకో జోగారావుకు అర్థం కాలేదు. అడిగితే మాట పెరుగుతుందని, ఆమె అడిగిన తన పేరు మాత్రం చెప్పి మళ్ళీ చీపురు పట్టుకున్నాడు.

ఆ కేక ఏమిటో సాయంత్రానికే తెలిసింది. ఆ ఊరివాళ్ళు కట్టెలకనీ, అడ్డాకులకనీ, కొండచీపుళ్ళకనీ రోజూ కొండ మీదికి వెళ్తారు. దీపాలు పెట్టే వేళకు అందరూ దిగి రావాలి. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో తెలియడానికి వాళ్ళకో పద్ధతి ఉంది. మొదటింటి దాలినాయుడు అరుగు మీద నిలబడి రెండో ఇంటివాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. "ఇల్లు సేరినావా?" అని అడుగుతాడు. వాడు "సేరినాను!" అని బదులిచ్చి మూడో ఇంటివాళ్ళను పిలుస్తాడు. అలా కేక ఇంటి నుంచి ఇంటికి నడుస్తూ ఊరి చివరిదాకా వస్తుంది. ఏ ఇంటి దగ్గరైనా బదులు రాకపోతే ఊరంతా దీపాలు పట్టుకుని బయలుదేరుతుంది.

జోగారావు అప్పుడే పెరట్లో బండ మీద కూర్చుని, గూళ్ళకు చేరే పిట్టల్ని చూస్తూ పరవశించిపోతున్నాడు. అంతలో పక్కనుంచి అసిరమ్మ గొంతు ఖంగుమంది.

"జోగారావు బాబో… ఇల్లు సేరినావా?"

పిట్టలన్నీ లేచిపోయాయి. జోగారావు ఒళ్ళు మండి బదులివ్వలేదు. కాసేపటికి చూస్తే, దాలినాయుడూ, అసిరమ్మా, వాళ్ళ వెనక సగం ఊరూ లాంతర్లతో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఉలకవు, పలకవు. కొండ మీద ఉండిపోనావేమో అనుకున్నాం" అన్నాడు దాలినాయుడు ఆయాసపడుతూ.

"నాయుడుగారూ, నేను ఇక్కడికి వచ్చిందే చప్పుడు లేకుండా ఉండడానికి" అన్నాడు జోగారావు. "నేను వచ్చానో లేదో మీకెందుకు? దయచేసి రేపటి నుంచి నా పేరు పిలవకండి."

దాలినాయుడి మొహం మాడిపోయింది. "మరీ మంచిది. పిలవని పేరంటం మాకూ వద్దు" అని వెనక్కి తిరిగాడు. అసిరమ్మ మాత్రం ఒక నిమిషం ఆగింది.

"అలాగే బాబూ, పిలవం. ఒక్క మాట సెప్తాను, కాదనకు. సీకటి పడగానే ఈ వీధి కిటికీలో లాంతరు ఎట్టుకో. పాములు తిరిగే సోటు ఇది."

దీపం చప్పుడు చెయ్యదు కదా అని జోగారావు దానికి సరేనన్నాడు.

ఆ తర్వాత ఆయనకు నిజంగా స్వర్గమే. తెల్లవారకముందే ఏట్లో ఈత. ఎండెక్కేలోగా ఒక కొండ. మధ్యాహ్నం చింతల తోపులో కునుకు. ఏ చెట్టు మీద ఏ పిట్ట గూడు పెట్టిందో ఆయనకు కంఠతా వచ్చేసింది. బుగ్గలకు రంగు వచ్చింది, పొట్ట తగ్గింది. ఎక్కడికి వెళ్ళేదీ ఎవరికీ చెప్పేవాడు కాదు. అసిరమ్మ అప్పుడప్పుడూ గుమ్మంలో నాలుగు వంకాయలో, ఒక పనసతొనో పెట్టి పోయేది. ఆయన తలుపు ఓరగా తీసి అవి అందుకుని మళ్ళీ వేసుకునేవాడు. ఎంత తిరిగినా దీపాలవేళకు ఇల్లు చేరడం మాత్రం మొదటినుంచీ ఉన్న అలవాటు. రాగానే కిటికీలో లాంతరు పెట్టేవాడు. ఆ వేళకు ఊళ్ళో కేక మొదలయ్యేది, పక్కింటి దాకా వచ్చి ఆగేది. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు.

వానలు వెళ్ళిపోయే రోజుల్లో ఒకనాడు, తేనెబండ మీంచి లోవ ఎలా ఉంటుందో చూడాలని మధ్యాహ్నం దాటాక బయలుదేరాడు. పైకి ఎక్కాడు, కళ్ళారా చూశాడు. దిగేటప్పుడు నాచు పట్టిన రాయి మీద కాలు జారింది. జరజరా జారి రెండు బండల మధ్య గాడిలో పడ్డాడు. లేవబోతే కుడి చీలమండ దగ్గర ప్రాణం పోయినంత నొప్పి. అడుగు పడలేదు. చూస్తుండగానే పాదం వాచిపోయింది.

పొద్దు కుంకింది. చలిగాలి మొదలైంది. కింద లోవలో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు జోగారావు. ఇన్నేళ్ళుగా పట్టుమని నాలుగు మాటలు ఆడని గొంతు, అది ఎంత దూరం పోతుంది? పైగా గాలి కిందినుంచి పైకి వీస్తోంది. ఆయన అరుపు ఆయన దగ్గరే ఉండిపోయింది.

అప్పుడే కింద కేక మొదలైంది.

గాలివాటున ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది. దాలినాయుడు పిలిచాడు. రెండో ఇంటి వాడు "సేరినాను" అన్నాడు. కేక ఇల్లిల్లూ దాటుతూ వస్తోంది. జోగారావు ఊపిరి బిగబట్టి విన్నాడు. జీవితంలో ఏ పాటనూ ఆయన అంత శ్రద్ధగా వినలేదు. ఎవరో అసిరమ్మను పిలిచారు. "సేరినా…ను!" అంది అసిరమ్మ.

తర్వాత పిలవాల్సింది ఆయన్నే.

ఎవరూ పిలవలేదు. ఏటి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. ఏ నిశ్శబ్దం కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగాడో అదే వచ్చి చుట్టూ కూర్చుంది. దాన్ని కోరి తెచ్చుకున్నవాడు తానే. జోగారావుకు దుఃఖం ఆగలేదు. పిలవని పిలుపుకు తనే బదులు చెప్పుకున్నాడు.

"చేరలేదమ్మా… నేను ఇల్లు చేరలేదు."

కళ్ళు తుడుచుకుని కిందికి చూశాడు. ఊళ్ళో అన్ని కిటికీల్లోనూ వెలుతురు ఉంది, ఊరి చివర ఒక్క ఇల్లు మాత్రం చీకటిగా ఉంది. అది తన ఇల్లే. చూస్తూ ఉండగా పక్కింటి దీపం కదిలింది. గుమ్మం దాటి ఆ చీకటి ఇంటి ముందుకొచ్చి ఆగింది. వెంటనే ఊళ్ళోకి పరుగెత్తింది. ఆ తర్వాత ఒక్కొక్క ఇంటి నుంచీ ఒక్కొక్క లాంతరు బయటికొచ్చింది. అన్నీ కలిసి బారుగా తేనెబండ దారి పట్టాయి. ముందు ఆయనకు అర్థం కాలేదు. ఇంకాస్త దగ్గరికి వచ్చాక, పాతిక గొంతుల కేక ఒక్కసారిగా కొండను తాకింది.

"జోగారావు బాబో…!"

తన పేరు అంత బాగుంటుందని ఆయనకు అంతవరకూ తెలియదు.

"ఇక్కడ! ఇక్కడున్నాను!" అని ఏడుస్తూ, నవ్వుతూ అరిచాడు.

దాలినాయుడే గాడిలోకి దిగి, పసిపిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఆయన్ను వీపు మీద ఎక్కించుకున్నాడు. "పేరు పిలవొద్దన్నావు. ఇప్పుడు కొండకొండంతా నీ పేరే. ఏటి సేస్తావు?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. జోగారావు కూడా నొప్పి మరిచిపోయి నవ్వాడు.

ఇంటికి చేరాక అసిరమ్మ ఏదో ఆకు నూరి పాదానికి కట్టు కట్టింది. వేడి గంజి తాగించింది. జోగారావు ఆమె చెయ్యి వదల్లేదు.

"అప్పా, నన్ను పిలవొద్దని నేనే అన్నాను కదా. నేను రాలేదని నీకెలా తెలిసింది?"

అక్కను పిలిచినట్టు అప్పా అన్న ఆ పిలుపు విని అసిరమ్మ గంజి ముంత పక్కన పెట్టింది. తర్వాత కళ్ళు కనబడకుండా నవ్వింది.

"పిలవొద్దన్నావు గాని సూడొద్దని అనలేదు కదా తమ్ముడూ. నాను సేరినానని సెప్పగానే రోజూ నీ కిటికీకేసి సూస్తాను. దీపం ఉంటే నువ్వు సేరినట్టే. మజ్జాన్నం దాటినాక నువ్వు తేనెబండ దోవన పోతూ ఉంటే కూడా సూసినాను."

"మరి ఆ రోజు పాములని చెప్పావు?"

"పాములూ ఉన్నాయి! నానేమైనా అబద్ధం ఆడినానా?" అంది అసిరమ్మ.

పాదం మానేదాకా జోగారావు గుమ్మంలో మంచం వేసుకుని పడుకున్నాడు. ఆ దారిన పోయేవాళ్ళందరూ ఆగి పలకరించేవారు. కొండ మీద కొత్తగా ఏ చెట్టు పూసిందో, ఏ మడుగులో నీళ్ళు నిలిచాయో చెప్పేవారు. కదలకుండానే కొండంతా ఆయన దగ్గరికి వచ్చిపోయేది. ఇన్నాళ్ళూ తాను ఒక్కడే తిరిగి చూసింది సగమేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

మొదటిసారి లేచి నడిచిన రోజు సాయంత్రం, జోగారావు గుమ్మంలో నిలబడి కేక కోసం ఎదురుచూశాడు.

"తమ్ముడో… ఇల్లు సేరినావా?" అంది అసిరమ్మ.

"చేరానప్పా!" అన్నాడు జోగారావు. తర్వాత సందేహం వచ్చింది. "నా తర్వాత ఇల్లు లేదుగా. మరి నేనెవర్ని పిలవాలి?"

"మొదటింటి దాలినాయుణ్ణి. ఊరందర్నీ అడుగుతాడు గాని, ఈ రెండేళ్ళబట్టీ అతను సేరినాడో లేదో అడిగే దిక్కేదీ? అది సివరింటి వంతు."

జోగారావు ఊరి ఆ చివరికి చూశాడు. అంత దూరం వినబడాలంటే చిన్నాచితకా గొంతు చాలదు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, నోటికి రెండు పక్కలా చేతులు పెట్టుకుని అరిచాడు. మొదట గొంతు కీచుమంది. ఊళ్ళో పిల్లలు పకపకా నవ్వారు. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ అరిచాడు.

"నాయుడుగారో… ఇల్లు చేరారా?"

ఊరంతా చెవులు రిక్కించింది. ఆ చివరి నుంచి దాలినాయుడి గొంతు వచ్చింది.

"సేరినాను బాబో… సేరినాను!"

అప్పటినుంచీ ఆ లోవలో అందరికంటే పెద్ద గొంతు జోగారావుదే. ఆయన పొద్దున్నే కొండలెక్కడం మానలేదు, ఏట్లో ఈతా మానలేదు. ఎప్పుడైనా బస్తీ నుంచి ఎవరైనా వచ్చి, "ఆరుబయట హాయిగా బతకడానికి మంచి చోటు ఏదండీ?" అని అడిగితే, కొండ ఎంత దూరమో, ఏరు ఎప్పుడు పారుతుందో అన్నీ ఓపిగ్గా చెప్పి, చివర ఈ మాట కలిపేవాడు: కొండా ఏరూ చూసి చోటు ఎంచుకుంటే చాలదు, సాయంత్రానికి మనం ఇల్లు చేరామో లేదో కనిపెట్టి చూసే మనుషులున్న చోటే ఉండదగ్గ చోటు.