కాచి పంపిన తోడు

ఒక ఊళ్లో అద్దకంవాళ్ల బానల్లోంచి పారే నీళ్లకి వాగంతా ఎర్రబడిపోయింది. రాజు వచ్చి చూసి, "ఏడాదిలో వాగు తేటపడకపోతే బానలన్నీ పగలగొట్టిస్తాను" అని చెప్పి వెళ్లాడు. బానలు పగిలితే నూరిళ్లలో పొయ్యి వెలగదు.

ఆ ఊళ్లో ఒక పరిశోధకురాలు ఉండేది. గట్టి మనిషి. వాగు బురదలో వెతికి వెతికి, పదకొండో నెలలో కంటికి కనబడని ఒక సూక్ష్మజీవిని పట్టుకుంది. అది రంగు అణువుని దండలో దారం తెంపినట్టు తెంపి తినేస్తుంది. కుండెడు ఎర్రనీళ్లలో గరిటెడు వేస్తే మూడు రోజుల్లో తేటపడ్డాయి. ఆవిడ సంతోషం పట్టలేక గదిలో ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. కొత్తది కనిపెట్టినవాళ్లు, అడిగిన తోటివాళ్లకి పెరుగుకి తోడిచ్చినట్టు కాస్త ఇచ్చి తీరాలి. లేదనకూడదు. కబురు ఎలా పొక్కిందో ఏమో, పొరుగూరి పరిశోధకుడు మర్నాడే మనిషిని పంపాడు. వాళ్ల వాగుదీ ఇదే గోల.

"ఇస్తే నాకంటే ముందు ఆయన రాజుగారి సభలో నిలబడతాడు. పదకొండు నెలలు బురద పిసికింది నేను!" అనుకుందావిడ. గిన్నెడు తోడు తీసి, పొయ్యి మీద కుతకుతా కాచి, చల్లార్చి, మూతపెట్టి పంపింది. కాచాక అందులో ప్రాణమున్నది ఏదీ మిగల్లేదు. ఆచారమూ తప్పలేదు, రహస్యమూ దాటిపోలేదు.

అసలు కుండని ఎవరి కంటా పడకుండా పెరట్లో కుడితి కుండల మధ్య దాచింది. చూశారా తెలివి! వారం తిరక్కుండానే పాలు పితికే ఆవిడ, అన్ని కుండలతోపాటు దాన్నీ గేదె ముందు పెట్టింది.

"అయ్యయ్యో, ఎంత పని చేశావే!" అని లబలబలాడింది పరిశోధకురాలు.

"కుడితి మధ్య ఉన్నది కుడితి కాదని నేనేమైనా కలగన్నానా అమ్మా? ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా!" అందామె, గేదె మూతి తుడుస్తూ.

మళ్లీ బురదలో వెతికింది. దొరకలేదు. గడువు ఇక తొమ్మిది రోజులు. సంగతి తెలిసి అద్దకంవాళ్లు వచ్చారు. వాళ్ల పెద్ద ధైర్యంగా నవ్వాడు.

"దిగులెందుకమ్మా? పొరుగూరాయనకి తోడిచ్చారు కదా, మేం వెళ్లి తెచ్చేస్తాం."

వద్దంటే కాచిన సంగతి చెప్పాలి. ఆవిడ సరేనని పంపింది. వాళ్లు తిరిగొచ్చేదాకా రెండు రోజులు అన్నం సహించలేదు.

రెండు గిన్నెలు తెచ్చారు. ఒకటి ఆవిడదే, మూతతో సహా. రెండోదాని మీద చీటీ ఉంది. అద్దకంవాళ్ల పెద్దాయన ఆ చీటీని అందరికీ వినబడేలా చదివాడు.

"అక్కయ్యగారూ, మీరిచ్చింది మా ఇంట్లో తోడుకోలేదు. నా హస్తవాసే మంచిది కాదనుకుని నలభై కుండలు పెట్టాను. ఆ కుండల కోసం ముంచి తెచ్చిన మా వాగు నీళ్లలోనే ఇంకొకటి దొరికింది. రెండు రోజుల్లో తేటపరుస్తోంది. మీ ఊరికి గడువు దగ్గరపడిందని విని పంపుతున్నాను. ఇది బతికున్నది. కాచకండి."

పెద్దాయన చీటీలోంచి తలెత్తాడు. "కాచడమేమిటమ్మా?"

ఆవిడ మొహం ఎర్రబడింది. తన గిన్నెని పక్కకి జరిపి, పొరుగూరాయన గిన్నెని రెండు చేతులా అందుకుంది.

"చెబుతాను. ఏదీ దాచకుండా చెబుతాను" అంది. "ముందు ఇళ్లకెళ్లి అందరూ తలో గిన్నె పట్టుకురండి. పాలావిడని కూడా పిలవండి."