నీలవేణి కారుకు లారీ వైద్యం

సాలూరులో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి వైండింగ్ చేసే పోలినాయుడు అనే ఆయన ఉండేవాడు. మంచి పనిమంతుడే గానీ, ఎవరేం చెబితే అది నమ్మేసేవాడు. అసలే అది లారీల ఊరు. బండి గురించి సలహా చెప్పనివాడు అక్కడ భూతద్దం పెట్టి వెతికినా దొరకడు.

ఆయన భార్య నీలవేణికి ఒక పాత పెట్రోలు కారు ఉండేది. అందులో కుట్టు మిషన్లు వేసుకుని కొండ మీది ఊళ్ళకు వెళ్ళి, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. ఉన్నట్టుండి ఆ కారుకు ఒక జబ్బు పట్టుకుంది. యాక్సిలరేటరు మీద కాలున్నంతసేపూ బాగానే నడిచేది. కాలు తీస్తే చాలు, కాసేపు గుడగుడలాడి ఆగిపోయేది. ఘాట్ రోడ్డు మలుపులో అలా ఆగితే ఇంకేమైనా ఉందా!

ఎదురింటి గుంపస్వామి లారీలు తోలి తోలి మీసాలు నెరిసినవాడు. "పెట్రోలు పైపులో గాలి చేరింది తమ్ముడూ. లారీకైతే ఇదే రోగం" అన్నాడు. పోలినాయుడు పైపులన్నీ విప్పించాడు. కారు ఆగిపోయింది. మరొకాయన బ్యాటరీ అన్నాడు. కొత్త బ్యాటరీ వచ్చింది. కారు ఆగిపోయింది. ఇంకొకాయన దిష్టి అన్నాడు. గుమ్మడికాయ కూడా పగిలింది. కారు మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

చివరికి గుంపస్వామి పెదవి విరిచాడు. "ఇంజనే పోయింది. పాత ఇనుముకి ఇచ్చెయ్" అన్నాడు. మన పోలినాయుడు దానికీ సరేనన్నాడు! సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మని పాత ఇనుము కొనే సత్తిబాబుకు కబురు పంపేశాడు.

ఆ సంగతి విని నీలవేణికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

"ఏటి బావా ఇది? కారు పోతే నా పిల్లలకి కుట్టు ఎవరు నేర్పుతారు? నీ కొట్టుకి మోటారొస్తే దారినపోయేవాళ్ళని అడిగి బాగుచేస్తావా?"

"అదెలా కుదురుతుంది? టెస్టు చేసి చూస్తాను."

"మరి నా కారేం పాపం చేసింది?"

పోలినాయుడికి సిగ్గేసింది. గబగబా వెళ్ళి బానెట్ ఎత్తాడు. "తొక్కితే నడుస్తోంది, వదిలితే ఆగుతోంది. కాలు తీసినప్పుడు ఇంజనుకు కాస్త గాలి అందించే చిన్న వాల్వు ఒకటుంటుంది. దాని మీదే నా అనుమానం" అన్నాడు.

"అనుమానాలు చాలు. చూడు" అంది నీలవేణి.

ఆమె సీట్లో కూర్చుని, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్లో పెట్టి ఇంజను వేడెక్కనిచ్చింది. తర్వాత కాలు తీసింది. ఇంజను గుడగుడలాడుతుండగానే పోలినాయుడు వాల్వుకు వచ్చే తీగను ఊడదీశాడు. వాల్వు పనిచేస్తూ ఉంటే ఇంజను శబ్దం అప్పుడు మారాలి. ఏమీ మారలేదు. తీగకు మీటరు పెట్టి చూశాడు. కరెంటు వస్తోంది. అంటే తప్పు తీగది కాదు, వాల్వుదే.

"వాల్వూ లేదు, గీల్వూ లేదు! ఇంజనే పోయిందంటే వినవేం?" అని గోడ మీంచి గుంపస్వామి అరిచాడు.

"ఉండన్నా, చూస్తున్నాను కదా!" అన్నాడు పోలినాయుడు. జన్మలో మొదటిసారి ఒకరి సలహాను ఆపాడు.

తాళం తీయించి, వాల్వును విప్పి తీశాడు. లోపలంతా మసి! అది అంగుళం కదిలితే ఒట్టు. మసి వదిలించే స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా తోమి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి తీగ తగిలించాడు.

నీలవేణి తాళం తిప్పింది. కాలు తీసింది. కారు ఆగలేదు. ఏసీ వేసింది. ఇంజను జోరు కొంచెం తగ్గి, మళ్ళీ నిలదొక్కుకుంది. లైట్లూ వేసింది. ఊహూ, ఆగలేదు!

"ఆగలేదు బావా! ఆగలేదు!" అని ఆమె వేసిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది.

అప్పుడే సత్తిబాబు వ్యానుతో వచ్చి, "ఏదీ ఆ చెడిపోయిన కారు?" అన్నాడు.

"చెడిపోయిన కారు లేదు తమ్ముడూ. నిన్ను ఊరికే తిప్పాను, ఏమనుకోకు, టీ తాగి వెళ్ళు. ముందు ఆ వ్యాను పక్కకు తియ్యి, మా ఆవిడ కారు బయటికి తియ్యాలి!" అన్నాడు పోలినాయుడు.

గుంపస్వామి మీసం దువ్వుకుని, "గాలి సంగతేనని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు.

మర్నాడు ఆ కారు ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎక్కి కొండ మీదికి చేరింది. హారన్ వినగానే ఆడపిల్లలు గుడ్డముక్కలు పట్టుకుని ఎదురు పరుగెత్తారు.

నీతి: ఎవరు చెప్పినా వినవచ్చు, కానీ మన చేత్తో పరీక్షించి చూడకుండా దేన్నీ పనికిరానిదని పారెయ్యకూడదు.