మూడు కాళ్ల బల్ల

కుర్ర దర్శకుడు యరేమా తన నాటకం కోసం చేయించిన చక్రాన్ని చూడడానికి ఖార్కివ్ నగరంలోని నాటకాల వాళ్లంతా వచ్చి వెళ్లారు. రంగస్థలమంత వెడల్పు, ఇనుప ఊచలు, నల్లటి రంగు. కొడుకు యుద్ధంలో చనిపోయాడన్న కబురు తల్లికి అందగానే ఆ చక్రం గిరగిరా తిరుగుతూ పైనుంచి దిగుతుంది. తల్లి దాని కింద కుప్పకూలి ఏడుస్తుంది.

యరేమా సొంతంగా నడిపిస్తున్న మొదటి నాటకం అది. పాత పద్ధతులన్నీ పక్కకు నెట్టి, రంగస్థలం మీద ప్రతి వస్తువూ మాట్లాడాలని ఉక్రెయిన్ కుర్ర దర్శకులు పట్టుబట్టిన రోజులవి. యరేమాకు ఆ పట్టుదల నేర్పింది అతని గురువు ఓనుఫ్రీయే.

అయితే రిహార్సలు చూడవచ్చినవాళ్లు చక్రానికి చప్పట్లు కొడుతున్నారు. తల్లి వేషం వేసే ఒదార్కా వైపు ఎవరూ చూడడం లేదు. ప్రదర్శన దగ్గర పడింది. ఏం చేయాలో పాలుపోక యరేమా గురువును పిలుచుకొచ్చాడు.

ఓనుఫ్రీ సన్నివేశమంతా చూశాడు.

"చక్రం ఏమిటి?"

"యుద్ధం, గురువుగారూ. దానికి ప్రతీక."

"అది దిగితే ఈ తల్లి ఏం చేయాలి?"

"ఏడవాలి."

"దిగకపోతే?"

యరేమా కాస్త తడబడ్డాడు. "అప్పుడూ ఏడవాలి."

ఓనుఫ్రీ కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. వడ్రంగి పెట్టెలోంచి రంపం తీసుకుని రంగస్థలం ఎక్కి, భోజనాల బల్లకున్న ఒక కాలు కోయడం మొదలుపెట్టాడు.

"గురువుగారూ! ఆ బల్ల నాటకానికి కావాలి!"

"తెలుసు" అంటూ కోస్తూనే ఉన్నాడు.

కాలు ఊడింది. బల్ల ఒరిగి గిన్నెలు జారబోయాయి. ఒదార్కా గబుక్కున ఆ మూల కూర్చుని మోకాలు అడ్డుపెట్టింది.

"అలాగే ఉండమ్మా" అన్నాడు ఓనుఫ్రీ. "కబురు నువ్వు విన్నావు. పిల్లలకింకా తెలియదు. ఆకలి మీదున్నారు, వడ్డించు. ఏడవకు."

పిల్లల వేషగాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒదార్కా చారు పోసింది, రొట్టె విరిచి పెట్టింది. కూతురు వేషం వేసిన అమ్మాయి ఎప్పటిలాగే అడిగింది.

"అమ్మా, ఉప్పేది?"

రోజూ ఆ మాటకు తల్లి లేచి వెళ్లి ఉప్పు తెస్తుంది. ఒదార్కా లేవబోయింది. బల్ల ఒరిగింది. మళ్లీ కూర్చుంది.

"ఇవాళ నువ్వే తెచ్చుకో, తల్లీ."

నవ్వుతూనే అంది. బల్ల కింద మోకాలు వణుకుతోంది. పైన చక్రం తాళ్లు పట్టుకున్నవాళ్లు ముందుకు వంగి చూస్తున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సన్నివేశం అయిపోయింది. పిల్లలు తిని వెళ్లిపోయారు. ఒదార్కా మాత్రం ఖాళీ గిన్నెల ముందు కదలకుండా కూర్చుంది. దర్శకుడు చాలనేదాకా నటి లేవదు.

ఓనుఫ్రీ కోటు తొడుక్కున్నాడు. "ఆపు మరి. దర్శకుడివి నువ్వే కదా."

యరేమా మెల్లగా మెట్లెక్కి వెళ్లి, బల్లకు కాలు లేని మూల కింద తన రెండు చేతులూ పెట్టాడు.

అప్పుడు ఏడ్చింది ఒదార్కా.